గిల్లిన కొసలు

చిన్న పెరట్లోకో, బాల్కనీలో కుండీలోకో పొట్టి పైన్ మొక్క కొందామని వచ్చేవాళ్ళు ముందు దాని అందం చూస్తారు. అదే తప్పు. ముందు చూడాల్సింది మొదలు. మట్టికి నాలుగు వేళ్ళ పైన మోకాలి చిప్పలాంటి బుడిపె ఒకటి కనబడాలి. అది అంటు కట్టిన చోటు. ఎక్కడో ఒక పెద్ద పైన్ చెట్టు మీద, పొడుగు సాగడం మరిచిపోయి చీపురుకట్టలా గుబురెక్కిన కొమ్మ ఒకటి పుడుతుంది. దాని ముక్క తెచ్చి మామూలు పైన్ నారు మీద అంటు కడితే వచ్చేదే అసలైన రకం, పుట్టుకతోనే పొట్టిది. రెండోది ఆకు. పొట్టి మొక్కకి సూదుల్లాంటి ఆ ఆకులూ పొట్టిగానే ఉంటాయి. మొక్క బెత్తెడుండి ఆకు వేలెడుంటే అనుమానించాలి. మూడోది, మొహమాటపడకుండా కుండీలోంచి పైకి లాగి వేళ్ళు చూడాలి. అవి లోపల గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క మెడకి ఉరి పడ్డట్టే.

ఇవన్నీ నాకు తెలుసు. పదిహేడేళ్ళుగా కొనేవాళ్ళెవరికీ చెప్పలేదు. మా నర్సరీలో మొక్కల మొదళ్ళన్నీ తెల్ల గులకరాళ్ళతో కప్పేసి ఉంటాయి. అది అలంకారం అంటాడు మా అన్నయ్య.

నాన్న రోజుల్లో గులకరాళ్ళు లేవు. ఏడాదికి వేలి మందం కూడా పెరగని మొక్క అమ్మకానికి రావాలంటే పన్నెండేళ్ళు ఆగాలి. నాన్న ఆగేవాడు. ఆయన మంచాన పడ్డ మూడేళ్ళూ నర్సరీ అన్నయ్య చూసుకున్నాడు, నాన్నని నేను చూసుకున్నాను. ఆ తీరిక లేని తీరికలో, అంటు కట్టడానికని పెంచిన మామూలు నారు ఒక వరస మిగిలిపోతే, చెయ్యి మరిచిపోకూడదని వాటిని గిల్లుతూ కూచున్నాను.

గిల్లడం అంటే ఏమిటో చెప్పాలి. వసంతంలో పైన్ కొమ్మల కొసల నుంచి లేత చిగుళ్ళు నిటారుగా, తెల్లగా లేస్తాయి. వాటిని కొవ్వొత్తులు అంటాం. సూదులు విచ్చుకోకముందే ఆ కొవ్వొత్తిని సగానికి వేళ్ళతో విరిచెయ్యాలి. కత్తెర పెడితే ఆకుల కొసలు తెగి ఎర్రబడతాయి. ముందుగా గిల్లితే చితుకుతుంది, ఆలస్యమైతే ముదిరిపోతుంది. ఏడాది మొత్తంలో దానికి పదిహేను రోజులే గడువు. సరిగ్గా గిల్లితే ఎంత పెద్ద జాతి చెట్టయినా ఆ ఏటికి పొట్టిగా ఉండిపోతుంది. పొరపాటున మొదలంటా పీకితే మాత్రం ఆ కొమ్మ చచ్చిపోతుంది. మోడు నుంచి చిగురించే అలవాటు పైన్‌కి లేదు.

మూడు వసంతాలు గిల్లేసరికి ఆ నారు వరసంతా బంతుల్లా గుండ్రంగా, చూడముచ్చటగా తయారైంది. నాన్న పోయిన రెండో నెలలో, నేను కుండీలు తేవడానికి వెళ్ళిన పూట, అన్నయ్య వాటిని నాన్న కట్టిన అంటు మొక్కలనుకుని పదకొండు అమ్మేశాడు. సాయంత్రం నేను చెప్పేసరికి ఆయన మొహం పాలిపోయింది. కాసేపటికి నవ్వాడు.

"ఎవరికి తెలుస్తుంది చెప్పు? నువ్వు ఏటా వెళ్ళి గిల్లి వస్తే అవి పొట్టివే కదా. నీ చేతిలో ఇంత పనితనం ఉందని నాకు తెలీదు చెల్లాయ్" అన్నాడు.

అన్నయ్య నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఆ ఒక్క మాట చాలింది. ఇక నారు తెప్పించడం, నాలుగేళ్ళు నా చేత గిల్లించడం, గులకరాళ్ళు పొయ్యడం, అమ్మడం. ఆ పదకొండూ ఈ ఏటికి నూట నలభై ఇళ్ళయ్యాయి. బిల్లు వెనకాల 'ఏటేటా ఉచిత సంరక్షణ' అని అచ్చేయించాడు. ఎంత మంచివాళ్ళో అని జనం పొంగిపోతారు. గిల్లి జోలపాడటం అంటే విన్నారు కదా, అదే ఇది. కాకపోతే మా ఇంట్లో గిల్లేది నేను, జోల పాడేది ఆయన.

వసంతంలో ఆ పదిహేను రోజులూ నేను ఎక్కడికీ వెళ్ళడానికి లేదు. పొద్దున్నే మొదలుపెడితే చీకటి పడేదాకా ఇంటింటి బాల్కనీలు, పెరళ్ళు, మేడలు. బంకతో వేళ్ళు నల్లబడి, ఎండాకాలం సగం అయ్యాక గానీ తెల్లబడవు. తలుపు తీసినవాళ్ళు "మొక్కలావిడ వచ్చింది" అని లోపలికి కేకేసి వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. మిగతా ఏడాదంతా నర్సరీలో మొక్కలు. ఒకాయన నన్ను చేసుకుంటానని అడిగాడు కూడా. మంచివాడే, కుండీల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కొవ్వొత్తులు అయిపోయాక చెబుతానన్నాను. అయిపోయాక ఆయన పెళ్ళి పందిరి ముందు పెట్టడానికి మొక్కలు మేమే పంపాం. అవీ నేను గిల్లినవే.

మూడేళ్ళ కింద, కొండ మీద అటవీశాఖ వాళ్ళ విత్తనాల తోటలో అంటు కట్టే మనిషి కావాలంటే రాశాను. ఎందుకు రాశానంటే, అక్కడ పైన్ చెట్లని ఎవరూ గిల్లరు. ఎంత ఎత్తు పోగలిగితే అంత ఎత్తు పోతాయి. వాటికింద నిలబడి తల పైకెత్తి చూడాలని నాకు ఒక పిచ్చి. రమ్మని జవాబొచ్చింది. వసంతంలో. గడువు అడిగాను, ఇచ్చారు. మరుసటి ఏడూ అడిగాను, అప్పుడూ ఇచ్చారు. ఈసారి వచ్చిన ఉత్తరంలో మర్యాద తగ్గింది. మే ఎనిమిదో తారీఖు పది గంటలకి హాజరు కాకపోతే జాబితాలో తర్వాతి పేరు పిలుస్తాం, మీ దరఖాస్తు ముగిసినట్టే అని రాశారు.

కొండకి పగలంతా ప్రయాణం. అంటే ఏడో తారీఖు పొద్దున బస్సెక్కాలి. ఈ ఏడు చలి ఎంతకీ వదల్లేదు. కొవ్వొత్తులు మే మూడున లేచాయి.

భోజనాల దగ్గర ఉత్తరం చూపించాను. అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, నిమ్మకు నీరెత్తినట్టు మడిచి నా కంచం పక్కన పెట్టాడు.

"వెళ్ళు చెల్లాయ్. నిన్ను ఆపేవాడెవడిక్కడ? కొవ్వొత్తులు అయిపోయాక హాయిగా వెళ్ళు."

"ఎనిమిదికి అవ్వవు అన్నయ్యా."

"అయితే ఇరవైకి వెళ్ళు. పన్నెండు రోజుల్లో కొండేమన్నా కరిగిపోతుందా?"

"వేరేవాళ్ళని పిలుస్తారట. చదివావు కదా."

"పిలవనీ. నీలాంటి చెయ్యి ఎక్కడ దొరుకుతుంది వాళ్ళకి? నాలుగు రోజులు చూసి మళ్ళీ నీకే రాస్తారు. నాన్న తర్వాత ఆ పని తెలిసింది ఈ చుట్టుపక్కల నీ ఒక్కదానికే."

మునగచెట్టు ఎక్కించడంలో మా అన్నయ్యని మించినవాడు లేడు. నా ఖర్మ ఏమిటంటే, ఎక్కిస్తున్నాడని తెలిసి కూడా ఎక్కుతాను. ఆ చివరి మాటకి నాకు లోపల సంతోషం వేసింది. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి సిగ్గు విడిచి చెబుతున్నాను, వేసింది.

మా వదిన అన్నం వడ్డిస్తూ, "మీ అన్నయ్య నిన్ను పొమ్మంటున్నాడా, ఉండమంటున్నాడా? పాతికేళ్ళు కాపురం చేసి నాకే అర్థం కావట్లేదు అమ్మాయ్" అంది. అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఉత్తరానికి కూర మరక అంటింది.

అన్నయ్య దుర్మార్గుడైతే నా పని ఎంత సులువయ్యేదో. కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంటాడు. మట్టి కలిపే షెడ్డు మీద నాకోసం విడిగా గది కట్టించాడు, గోడ పొడుగునా కిటికీ పెట్టించాడు. ఆ కిటికీ తెరిస్తే కనిపించేవి కింద వరసలే. పొద్దున లేవగానే వాటి కొసలు చూస్తాను, పడుకోబోయే ముందు వాటి కొసలు చూస్తాను. ఇంత ముచ్చటైన జైలు ఎవరికి దొరుకుతుంది?

పోనీ వెళ్ళిపోదామా అంటే, ఒక్క వసంతం గిల్లకపోతే చాలు, నూట నలభై ఇళ్ళలో మా అబద్ధం జానెడు పెరుగుతుంది. రెండో వసంతానికి మూరెడు. బోర్డు మీద నాన్న పేరుంది. ఉంటే కొండ పోతుంది, వెళ్తే పరువు పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా మూడు రోజులు కొట్టుకున్నాను. మూడు, నాలుగు, ఐదు తారీఖుల్లో ముప్పై ఆరు ఇళ్ళు చేశాను. ఆరో తారీఖు మధ్యాహ్నం, ఇక లాభం లేదని, గడువు ఇవ్వమని మళ్ళీ ఒక ఉత్తరం మొదలుపెట్టాను. వాళ్ళు ఇవ్వరని తెలిసి కూడా రాస్తున్నాను. అంత దూరం వచ్చింది నా తెలివి.

అప్పుడు వచ్చాడు వాచీలు బాగుచేసే పెద్దమనిషి.

బజారు మలుపులో ఆయన దుకాణం నాకు తెలుసు. మనిషి బక్కపల్చన, చొక్కా జేబులోంచి నల్లటి తాడు వేలాడుతోంది. ఇంకో జేబులోంచి మడిచిన కాయితం తీసి నా ముందు పరిచాడు. అందులో ఒక కిటికీ, ఎదురుగా గోడ, మధ్యన చిన్న చదరం. అన్నిటి పక్కనా కొలతలున్నాయి.

"మా ఇంటి వెనక ఇంతే జాగా అమ్మా. మా ఆవిడ రెండేళ్ళ కింద మెట్ల మీంచి పడింది, నడుం పోయింది. మంచం ఈ కిటికీకి ఆనించి వేశాం. తనకి కనిపించేది ఆ గోడ ఒక్కటే. ఇక్కడ కుండీలో ఒక చెట్టు పెడదామని. కిటికీ చెక్క నుంచి జానెడు మించి లేవకూడదు. లేస్తే ఉన్న ఆ కాస్త వెలుతురూ పోతుంది."

"ఎండ పడుతుందా?"

"మిట్టమధ్యాహ్నం రెండు గంటలు."

"పైన్‌కి అది తక్కువ. గోడకి సున్నం వేయించండి, వెలుతురు తిరిగొస్తుంది. కుండీ కింద ఇటుకలు పెట్టి ఎత్తండి, నీళ్ళు నిలవకూడదు."

"అలాగే. ఇంకో మాట. మీవాళ్ళు ఏటేటా ఇంటికొచ్చి చూస్తారని విన్నాను. అది మాత్రం వద్దు. మంచంలో ఉండగా కొత్తవాళ్ళ కళ్ళు పడటం తనకి ఇష్టం లేదు. ఎవరూ రానక్కర్లేని చెట్టు ఇవ్వండి."

అలాంటి చెట్టు మా నర్సరీలో ఒక్కటే ఉంది. గేటు పక్కన నాన్న చేత్తో కట్టిన అంటు, ముప్పై ఏళ్ళది, ఇప్పటికీ నా మోకాలి ఎత్తు లేదు. ముప్పై ఏళ్ళకి మా మొక్కలు ఇలా ఉంటాయి చూడండి అని అన్నయ్య అందరికీ దాన్నే చూపిస్తాడు. అందుకే దాన్ని అమ్మడు.

ఈలోగా అన్నయ్య గల్లాపెట్టె వదిలి రానే వచ్చాడు. సంగతి సగం విని, ఒక గుండ్రటి మొక్కని కుండీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"ఇది తీసుకెళ్ళండి. ఎవరూ రానక్కర్లేదు. పుట్టుకే పొట్టి, చచ్చేదాకా ఇంతే" అని నా వైపు చూడకుండా చెప్పి, ఫోను మోగితే వెళ్ళాడు.

ఇన్నేళ్ళలో అన్నయ్య అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. నేను ఏటా వెళ్తాను కాబట్టి మా అబద్ధానికి ఒక కాపలా ఉండేది. ఇది కాపలా కూడా లేని అబద్ధం. రెండేళ్ళలో ఆ మంచంలో ఉన్న మనిషికి గోడ కూడా కనిపించదు, ఈ చెట్టే అడ్డం నిలబడుతుంది.

వాచీల పెద్దాయన తొందరపడలేదు. తాడు పట్టుకుని జేబులోంచి చిన్న భూతద్దం తీసి, వాచీ చూసినట్టే కంటికి బిగించుకుని మొక్క మీదికి వంగాడు. ఒక కొస చూశాడు. ఇంకోటి చూశాడు. కుండీని మెల్లగా తిప్పుతూ చుట్టూ చూశాడు.

"వీటి కొసలన్నీ ఎవరో విరిచారు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నల్లబడ్డ నా వేళ్ళు కొంగులో దాచుకున్నాను.

"ఒక్క ఏడు కాదు. పాత మచ్చ, దాని మీద ఇంకో మచ్చ, మళ్ళీ ఇంకోటి. ఎక్కడా చితకలేదు, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. ఎవరమ్మా ఇంత పని చేసింది?"

పదిహేడేళ్ళలో నా పనిని చూసిన మొదటి మనిషి ఆయన. చూడకూడదనే కదా అంత జాగ్రత్తగా చేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గులకరాళ్ళు చేత్తో పక్కకి తోసేశాను.

"నేనే చేశాను. చూడండి, ఇక్కడ అంటు బుడిపె లేదు. ఇది మామూలు పైన్ అండీ. వదిలేస్తే మీ కిటికీని రెండేళ్ళలో మూసేస్తుంది. నేను ఏటా గిల్లబట్టి పొట్టిగా ఉంది. మా అన్నయ్య చెప్పింది నిజం కాదు. అసలైనది గేటు దగ్గరుంది. నాన్నది. అది పట్టుకుపోండి, అన్నయ్యకి నేను చెప్పుకుంటాను."

పెద్ద బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆయన గేటు దాకా వెళ్ళి నాన్న చెట్టుని చూశాడు, చుట్టూ ఒకసారి తిరిగి వెనక్కి వచ్చాడు.

"దానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదా?"

"ఏమీ అక్కర్లేదు."

"అయితే అది వద్దమ్మా. చూస్తూ పడుకోడానికి తనకి గోడ ఉండనే ఉంది. మా ఆవిడ చేతులకి ఏమీ కాలేదు. పడకముందు అల్లికపని చేసేది, ఇప్పుడు ఆ దారాలూ ముట్టుకోవట్లేదు. దీన్ని గిల్లాలన్నారు చూడండి, అది నాకు నచ్చింది. ఎలా గిల్లాలి?"

"ఒక్క రోజులో వచ్చేది కాదండీ. నాన్న నాకు మూడేళ్ళు నేర్పాడు."

"చూపించండి, చూద్దాం."

చూపించాను. చూపుడు వేలు వెనకాల ఆనించి, బొటనవేలి గోరు కాక కండ తగిలేట్టు పట్టి, సగంలో, లాగకుండా. ఆయన నా చేతినే చూస్తున్నాడు. తర్వాత పక్క కొవ్వొత్తి పట్టుకున్నాడు. టిక్కుమంది. భూతద్దంలో చూసుకున్నాడు, తల పంకించి ఇంకోటి విరిచాడు. మూడోది. నాలుగోది. నేను వేలు పెట్టి సరిచెయ్యడానికి ఒక్కటీ మిగల్లేదు.

"ఇంతేనా?" అన్నాడు. ఆయన అడిగింది మర్యాదగానే.

ఇంతే. గోడ గడియారం చూశాను. పది నిమిషాలు కూడా కాలేదు.

సంతోషించాలి కదా. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ పెద్దమనిషి మీద కోపం, నాన్న మీద కోపం, అందరికన్నా ఎక్కువ నా మీద. నూట నలభై ఇళ్ళలో ఒక్క ఇంట్లోనైనా, ఒక్క ఏడైనా, ఇలా పట్టుకోండి అని ఎవరికీ ఎందుకు చూపించలేదు? పరువు కోసం అనుకున్నాను. పరువు తర్వాతి మాట. ఈ పని నా ఒక్కదానికే వచ్చు అనే గొప్ప ఒకటుంది చూశారూ, అది నాకు తిండి కన్నా రుచిగా ఉండేది. అన్నయ్య తలుపు దగ్గరికి వేశాడేమో గానీ, లోపల గడియ పెట్టుకున్నది నేనే.

ఆయన మొక్కని రిక్షాలో పెట్టించుకుని, కొలతల కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు మా ఆవిడ గిల్లినవి తెచ్చి చూపిస్తాను" అని వెళ్ళాడు. వచ్చే ఏడు నేనిక్కడ ఉంటానో లేదో చెప్పలేకపోయాను.

వెనక్కి తిరిగేసరికి అన్నయ్య ఉన్నాడు. ఫోను ఎప్పుడో అయిపోయినట్టుంది.

"చెప్పేశావన్నమాట" అన్నాడు.

"చెప్పాను. తెలిసే తీసుకెళ్ళాడు."

"ఒక పిచ్చివాడు దొరికాడు కదా అని అందరూ అలాగే ఉంటారనుకోకు. నాన్న పేరు మట్టిలో కలుస్తుంది."

"కలవదు. ముందు మిగిలిన నూట నాలుగు ఇళ్ళకీ, తర్వాత చేసినవాటికీ వెళ్ళి నిజం చెప్పి, ఎలా గిల్లాలో నేర్పుదాం. కావాలన్నవాళ్ళు ఉంచుకుంటారు, వద్దన్నవాళ్ళవి వెనక్కి తెచ్చుకుందాం. పది నిమిషాల పని అన్నయ్యా అది. నువ్వు వెళ్ళి నేర్పాలి."

"నేనా? నాకేం తెలుసు? ఈ మొద్దు వేళ్ళతో అయ్యే పనేనా అది?" అని రెండు చేతులూ చాపి చూపించాడు. ఆయన గొంతు మెత్తబడింది. "ఈ ఒక్క వసంతం ఉండు బంగారం. నీ దగ్గరే చూసి నేర్చుకుంటాను. వచ్చే ఏడు నేనే బస్సెక్కిస్తాను, ఒట్టు."

ఒక్క క్షణం నిజంగానే మెత్తబడ్డాను. పదిహేడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? అయినా ఆయన మణికట్టు పట్టుకుని వరస దగ్గరికి లాక్కెళ్ళాను.

"వచ్చే ఏడు దాకా ఎందుకు, ఇప్పుడే నేర్చుకో. పట్టుకో."

మొదటి కొవ్వొత్తిని గుప్పెట్లో పట్టుకుని మొదలంటా పీకేశాడు. ఆ కొమ్మ ఇక పోయినట్టే.

"చూశావా? నాకు రాదని చెప్పాను."

"పోతే పోయింది. ఇంకోటి."

వరస చివర వదిన బట్టలు ఆరేస్తూ, "ఏమిటి, అన్నాచెల్లెళ్ళిద్దరూ గుడుగుడుగుంచం ఆడుతున్నారా?" అని కేకేసింది. అన్నయ్య అటు తిరిగి, "మీ ఆడపడుచు నాకు బడి పెట్టింది" అన్నాడు. అంటూనే చేతికందిన కొవ్వొత్తిని విరిచాడు.

సరిగ్గా సగం. చితకలేదు, వంకర పోలేదు. విరిచే ముందు బొటనవేలు కొంచెం వెనక్కి తిప్పాడు. నాన్న అలాగే తిప్పేవాడు. నాకు ఆ తిప్పుడు ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు, నేను తిప్పకుండానే గిల్లుతాను. అది అన్నయ్య నా దగ్గర చూసి నేర్చుకున్నది కాదు.

వదినతో మాట ముగించి ఇటు తిరిగాడు. తన చేతిలో ఉన్న ముక్క చూసుకున్నాడు. నా మొహం చూశాడు.

"నాన్న నీకెప్పుడు నేర్పాడు అన్నయ్యా?" అన్నాను.

ఆయన నా కళ్ళలోకే చూస్తూ, చేత్తో తడుముకుని మూడో కొవ్వొత్తి పట్టుకున్నాడు, నెమ్మదిగా, మొదలంటా విరిచేశాడు.

"నాకు రాదు" అన్నాడు.

ఏడుపు రాలేదు. కోపం కూడా ఎక్కడికో పోయింది.

"ఇళ్ళ చిరునామాలు బల్ల సొరుగులో ఉన్నాయి. చేసినవాటికి టిక్కు పెట్టాను. కొవ్వొత్తులు ముదరడానికి ఇంకా పన్నెండు రోజులుంది" అని చెప్పి, బట్టలు సర్దుకోవడానికి మేడ మీదికి వెళ్ళాను.